గైర్హాజరు ఎవరిది?

మన చిన్న పట్టణాల్లో కోర్టు హాలు తలుపు పక్కన ఉండే బోర్డు చూడండి. జూనియర్ సివిల్ జడ్జి, జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు అని ఒకే పేరు కింద రెండు హోదాలు చాలాచోట్ల కనిపిస్తాయి. మనిషి ఒకరే, బల్ల ఒకటే, బెంచి క్లర్కు ఒకరే. పొద్దున ఒక పొలం గట్టు దావా పిలుస్తారు. వాది రాలేదు. దావా కొట్టేస్తారు. ముప్ఫై రోజుల్లోపల ఆ వాది వచ్చి, జ్వరమొచ్చిందనో బస్సు తప్పిందనో నమ్మదగిన కారణం చూపిస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 9వ రూలు కింద అదే జడ్జి ఆ దావాను తిరిగి ఫైలు మీదికి తెస్తారు. మధ్యాహ్నం అదే మనిషి మేజిస్ట్రేటుగా ఒక ఆడమనిషి ఫిర్యాదు పిలుస్తారు. మొగుడు కొట్టాడని ఆమె వేసుకున్న ప్రైవేటు కేసు. ఆమె రాలేదు. కేసు మూసేస్తారు. మర్నాడు ఆమె పరుగెత్తుకొచ్చి అదే జ్వరం, అదే బస్సు చెప్పుకున్నా ఆ మేజిస్ట్రేటు చేయగలిగింది ఏమీ లేదు. పొలం గట్టుకు ఉన్న రెండో అవకాశం ఆడదాని ఒంటికి లేదు.

ఇది ఆ మేజిస్ట్రేటు గుణదోషాల సంగతి కాదు. ఆయన ఎంత మంచివాడైనా, ఆమె ఎంత స్త్రీవాది అయినా చట్టం ఆ చేతులు కట్టేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 362వ సెక్షను ఉండేది. తీర్పు మీదనో తుది ఉత్తర్వు మీదనో ఒకసారి సంతకం పడ్డాక అక్షర దోషాలనూ లెక్క తప్పులనూ తప్ప మరి దేన్నీ ఆ కోర్టు సవరించకూడదని దాని సారాంశం. 2024 జులై 1 నుంచి పాత కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. సెక్షను నంబరు 403 అయింది, సారాంశం మాత్రం అదే. అంటే ఫిర్యాది పేరులో ఒత్తు తప్పు పడితే మేజిస్ట్రేటు సరిదిద్దవచ్చు. ఫిర్యాదినే చేజార్చుకుంటే సరిదిద్దకూడదు.

న్యాయం కోసం అవసరమైనప్పుడు కోర్టుకు సహజంగా ఉండే అధికారం అని ఒకటుంది. సివిల్ వ్యవహారాల్లో అది 151వ సెక్షను కింద ప్రతి కోర్టుకూ ఉంది. క్రిమినల్ వ్యవహారాల్లో హైకోర్టు స్థాయికే ఉంచారు. 1977 లా రిపోర్టుల్లో అచ్చయిన బిందేశ్వరీ ప్రసాద్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది: కొట్టేసిన ప్రైవేటు ఫిర్యాదును వెనక్కి పిలిచే అధికారం మేజిస్ట్రేటుకు లేదు. 1986లో మేజర్ జనరల్ గౌరయా కేసులో, ఫిర్యాది రాలేదని మూసేసిన కేసు విషయంలో, అదే మళ్ళీ చెప్పింది. అప్పటినుంచీ కింది కోర్టుల్లో ఇది మారు మాట లేని సూత్రం. నేను ప్రశ్నిస్తున్నది ఆ తీర్పుల తర్కాన్ని కాదు. కోడ్ అట్లా రాసి ఉన్నప్పుడు కోర్టు అట్లాగే చెబుతుంది. ఆ కోడ్ ఎవరి బతుకును ఊహించుకుని రాశారన్నదే నా ప్రశ్న.

కలకడ చుట్టుపక్కల పల్లెల బతుకునైతే ఊహించుకోలేదు. ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో కలకడ ఒకటి. పీలేరు నుంచి రాయచోటికి పోయే దారిలో ఉంటుంది. చెరువు నిండని ఏడు టమోటా తోటల్లో కూలి కూడా దొరకదు. ఈ ప్రాంతపు ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్ పోవడం నిన్నామొన్నటి సంగతి కాదు. ఇట్లాంటి చోట వాయిదాకు హాజరు కావడమంటే ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీ, వకీలు చేతిలో పెట్టాల్సింది, పిల్లలను చూసిపెట్టే ఒక మనిషి. ఇన్నీ కూడితే ఒక హాజరు. ఆ లెక్క ఏ ఉత్తర్వులోనూ కనబడదు. ఉత్తర్వులో కనబడేది ఒక్క మాట: ఫిర్యాది గైర్హాజరు.

ఈ ప్రాంతపు స్త్రీల పాటలు సేకరించే పనిలో నాకు పరిచయమైన ఒకామె సంగతి చెప్పాలి. పేరూ ఊరూ చెప్పను. భర్త కొట్టాడని స్టేషనుకు పోతే, ఇది నాన్ కాగ్నిజబుల్, మేం నేరుగా కేసు కట్టలేం, కోర్టుకు పో అన్నారు. గాయపరచడానికి 323, బెదిరించడానికి 506 సెక్షన్ల కింద ప్రైవేటు కంప్లయింటు వేసింది. ప్రమాణం మీద వాంగ్మూలం ఇచ్చింది. సమన్లు పోయాయి. అతను ఏడాదిన్నర రాలేదు. వచ్చిన వాయిదాకల్లా అతని వకీలు ఆబ్సెంట్ పిటిషన్ పెట్టాడు, కోర్టు ఒప్పుకుంది. చివరికి ఆమె సాక్ష్యం చెప్పాల్సిన రోజు కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె రాలేదు. ఆమె వకీలు ఇంకో కోర్టులో ఉన్నాడు. సాయంత్రానికి 256వ సెక్షను కింద ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యాడు.

మర్నాడు నేనామె వెంట పోయాను. మేజిస్ట్రేటు విసుక్కోలేదు. ఆసుపత్రి చీటీ చూసి, మూసిన కేసు తెరిచే అధికారం తనకు లేదని, పై కోర్టుకు పొమ్మని నెమ్మదిగానే చెప్పారు. బయటికొచ్చాక ఆమె అడిగిన మాట ఏ న్యాయశాస్త్ర విద్యార్థి అయినా అడగాల్సిన మాట.

"నేను ఒక్క దినం రాలేదని కొట్టేసినారంట మేడం. ఆయన ఏడాదిన్నర రాకుంటే ఊరికే వాయిదాలిస్తా వచ్చిరే?"

చట్టం దగ్గర దీనికి జవాబుంది. ముద్దాయి స్వేచ్ఛ పోయే ప్రమాదం ఉంది కనుక అతనికి రక్షణలు ఎక్కువ. ఆ సూత్రాన్ని నేను తీసిపారేయను. పోలీసు రాజ్యంలో బతికే మనబోటి వాళ్ళకు ఆ రక్షణల విలువ తెలుసు. వకీలు హాజరైతే ఫిర్యాదికీ మినహాయింపు ఇచ్చే వీలు 256వ సెక్షనులోనే ఉందన్నదీ నిజమే. అయితే ఆ మినహాయింపు వకీలు వచ్చినప్పుడు పనికొస్తుంది. ఇద్దరూ రాని రోజు జరిగిన నష్టానికి మందేదీ అన్నదే ప్రశ్న. ఆ మందు మగవాడికి ఉంది. అదే కోడ్‌లో 126వ సెక్షను చూడండి. భార్య భరణం అడిగితే భర్త కావాలనే రాకుండా తప్పించుకు తిరిగాడని నమ్మి మేజిస్ట్రేటు ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చారనుకోండి. మూడు నెలల్లోపల ఆ భర్త వచ్చి సరైన కారణం చూపిస్తే అదే మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వును రద్దు చేయవచ్చు. కొత్త సంహితలో 145వ సెక్షనుగా ఇది అట్లాగే కొనసాగుతోంది. తప్పించుకు తిరిగిన భర్త కోసం తెరుచుకునే తలుపు, ఆసుపత్రిలో పిల్లవాడి పక్కన కూర్చున్న భార్య కోసం తెరుచుకోదు. మేజిస్ట్రేటుకు మూసింది తెరిచే వివేకం లేదని కోడ్ అనుకోవడం లేదన్నమాట. ఎవరి కోసం తెరవాలో మాత్రం ముందే నిర్ణయించుకుంది.

సాహిత్యం చదువుకున్న వాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. నిండుసభలో ద్రౌపది వేసింది ప్రశ్న మాత్రమే కాదు, ఫిర్యాదు కూడా. పెద్దలు ధర్మం సూక్ష్మమైనదన్నారు, తేల్చలేమన్నారు. కారణాలు చెప్పకుండా కొట్టేసిన తొలి ఫిర్యాదుల్లో దాన్ని లెక్కపెట్టాలి. ఇక సీత సంగతి. లంకలో అగ్ని సాక్షిగా ఆమె నిర్దోషి అని తేలిపోయింది. అంతటి తీర్పు అయోధ్యలో లోకుల మాటతో తిరగబడింది. కొత్త సాక్ష్యం లేదు, ఆమెకు నోటీసు లేదు, తన వాదన చెప్పుకునే వాయిదా లేదు. స్త్రీ మీద పురుషుడి అనుమానానికి తుది తీర్పంటూ ఉండదు. పురుషుడి మీద స్త్రీ చేసిన ఫిర్యాదు ఒక్క పిలుపుకు పలకకపోతే శాశ్వతంగా ముగిసిపోతుంది. తీర్పులకు అంతం ఉండాలని చెప్పేవాళ్ళను నేను అడిగేది ఇదే: ఎవరి మీద తీర్పులకు?

కొట్టేసినంత మాత్రాన దారి మూసుకుపోదు, రెండో ఫిర్యాదు వేసుకోవచ్చు కదా అంటారు న్యాయవాద మిత్రులు. నిజమే, సగం వరకు. సమన్లు పంపక ముందే, 203వ సెక్షను కింద కొట్టేసిన ఫిర్యాదు విషయంలో రెండోది వేయడానికి నిషేధం లేదు. కానీ ప్రమథనాథ్ తాలూక్‌దార్ కేసులో 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ దారిని అసాధారణ పరిస్థితులకే పరిమితం చేసింది: మొదటి ఉత్తర్వు అసంపూర్ణమైన రికార్డు మీద ఇచ్చిందైనా కావాలి, ఫిర్యాదునే అపార్థం చేసుకున్నదైనా కావాలి, పైకి కనబడేంత అన్యాయంగానో అసంగతంగానో అయినా ఉండాలి, లేదా ఎంత శ్రద్ధ పెట్టినా అప్పుడు దొరకని కొత్త సంగతులైనా బయటపడాలి. మన హైకోర్టు నుంచే పైకి పోయిన మహేశ్ చంద్ కేసులో 2000ల మొదట్లో సుప్రీంకోర్టు ఇదే దారిని మళ్ళీ ధ్రువపరిచింది. సమన్లు పోయాక 256 కింద విడుదల అయితే ఆ దారి కూడా లేదు. ఒక్క సాక్షి నోరు విప్పకపోయినా అది నిర్దోషిత్వ తీర్పే. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదనే 300వ సెక్షను అడ్డం వస్తుంది. మిగిలింది హైకోర్టు ప్రత్యేక అనుమతితో అప్పీలు. కలకడ నుంచి అమరావతికి పోవడమంటే ఏమిటో బస్సు కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది.

రెండో ఫిర్యాదు దొరికిన చోట కూడా అది ఆమెకు దేని ధరకు దొరుకుతుందో చూడాలి. మళ్ళీ కాగితాలు, మళ్ళీ ఫీజు. నేరానికి ఏడాది లోపు శిక్ష అయితే ఏడాదిలో, మూడేళ్ళ లోపు శిక్ష అయితే మూడేళ్ళలో ఫిర్యాదు రావాలనే గడువు. అది దాటితే ఆలస్యాన్ని మన్నించమని మరో దరఖాస్తు. అన్నిటికంటే బరువైంది మళ్ళీ ప్రమాణం చేసి ఆ రాత్రి జరిగింది మొదటినుంచీ చెప్పడం. నేను పనిచేసే రంగంలో ఒకే పాటను ఇద్దరు పాడితే రెండు పాఠాలు వస్తాయి. ఒకరే రెండుసార్లు పాడినా రెండు పాఠాలే. ఊర్మిళాదేవి నిద్ర పాటకు ఇంకో చరణం దొరికితే మేం సంబరపడతాం. పాఠాంతరం ఆ పాట బతికి ఉందనడానికి గుర్తు. కోర్టులో మాత్రం పాఠాంతరం అబద్ధానికి గుర్తు. మొదటి వాంగ్మూలంలో కట్టె, రెండో దాంట్లో కట్టెతో పాటు చెప్పు కూడా వచ్చిందంటే, తరవాత కల్పించింది అంటారు ముద్దాయి తరఫు వకీలు. రెండోసారి చెప్పమని బలవంతపెట్టింది కోర్టు. రెండోసారి చెప్పినందుకు అబద్ధాలకోరు ఆమె. పాత ఫైలునే తెరిచి ఉంటే ఆ మొదటి మాట మొదటి మాటగానే నిలిచేది కదా!

మేజిస్ట్రేటు మూసిన కేసు తెరవకూడదన్న సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. పోలీసులు మూయమన్న కేసును తెరిచే హక్కు మేజిస్ట్రేటుకు నిక్షేపంగా ఉంది. దర్యాప్తు చేసి, మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అనో సాక్ష్యం లేదనో రెఫర్ చేసిన కేసులో, ఆ నివేదికను ఒప్పుకునే ముందు ఫిర్యాదికి నోటీసు ఇచ్చి ఆమె మాట వినాలని 1985లో సుప్రీంకోర్టు భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. ఢిల్లీలో కాలిన గాయాలతో చనిపోయిన కూతురు కోసం ఒక తండ్రి చేసిన పోరాటంలో వచ్చిన తీర్పు అది. ఇవాళ దేశమంతటా ప్రొటెస్ట్ పిటిషన్ అని వేస్తున్న కాగితాలకు బలమిచ్చింది ఒక ఆడపిల్ల చావేనని మనం మరిచిపోకూడదు.

మన దగ్గర వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్ళో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. దర్యాప్తు చేసినవాళ్ళు కేసు నిలవదన్నారు. ఆ స్త్రీలు దానికి అభ్యంతరం చెబుతూ పాడేరు మేజిస్ట్రేటు కోర్టుకు పోయారు. మూయమన్న కేసును ఆ కోర్టు విచారణకు తీసుకుంది. ముద్దాయిలు పైకోర్టులకు ఎక్కారు. 2012లో హైకోర్టు పదమూడు మంది మీద విచారణ జరగాలంది. 2017లో సుప్రీంకోర్టు త్వరగా ముగించమంది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పదమూడు మందినీ విడుదల చేసింది. అయితే దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఫలితం చూసి ఆ మేజిస్ట్రేటు చేసిన పని వృథా అనకండి. ఏజెన్సీలోని ఒక కింది కోర్టు తలుపు తెరవడం వల్లే ఆ పదకొండు మంది మాట రికార్డుకెక్కింది. దర్యాప్తు ఎంత చెడ్డదో ఒక కోర్టు రాయాల్సి వచ్చింది. పోలీసు శాఖ మూయమన్నది తెరవగల వివేకం మేజిస్ట్రేటుకు ఉందని ఒప్పుకున్న చట్టం, తన చేత్తో తను మూసింది తెరవగల వివేకం లేదనడంలో తర్కమేమిటి?

మనలోనే కొందరి అభ్యంతరం ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. మేజిస్ట్రేటుకు తెరిచే అధికారమిస్తే ముందుగా వాడుకునేది మగవాళ్ళే కదా అంటారు. నిజమే. 1992లో కె.ఎం. మాథ్యూ కేసులో సమన్లు పంపిన ఉత్తర్వును మేజిస్ట్రేటు వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అన్నప్పుడు, ఆ దారి తెరుచుకున్నది ముద్దాయిల కోసం. 2004లో అదాలత్ ప్రసాద్ కేసులో ఆ తీర్పు సరికాదని అదే కోర్టు చెప్పాకే ఆ దారి మూతపడింది. ప్రైవేటు ఫిర్యాదు బలవంతుల ఆయుధం కూడా. తన మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసినందుకు అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ 2018లో జర్నలిస్టు ప్రియా రమణి మీద వేసిన పరువునష్టం కేసు ప్రైవేటు ఫిర్యాదే. 2021 ఫిబ్రవరిలో ఆమె నిర్దోషి అని తేలింది. అట్లాంటి ఫిర్యాదులను ఎన్నిసార్లయినా తెరవవచ్చంటే నోరు విప్పిన ప్రతి స్త్రీ జీవితకాలం కోర్టు మెట్లెక్కుతూనే ఉండాలి. కాబట్టి నేను అడుగుతున్నది హద్దుల్లేని అధికారం కాదు. సాక్ష్యాలు విని ఇచ్చిన తీర్పును తిరగదోడమనీ కాదు. వినకుండా మూసినదాన్ని వినడానికి తెరవమని మాత్రమే.

కొత్త సంహిత ఈ అన్యాయాన్ని కొంత గుర్తించిందనే చెప్పాలి. పాత 256 స్థానంలో వచ్చిన 279వ సెక్షను, పాత 249 స్థానంలో వచ్చిన 272వ సెక్షను, ఫిర్యాది రాకపోతే ముప్ఫై రోజుల గడువు ఇచ్చాకే కేసు మూయాలంటున్నాయి. కొడుకు ఆసుపత్రిలో ఉన్న తల్లికి ఇది పనికొస్తుంది. కువైట్‌లో పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉన్న తల్లికి పనికిరాదు. గడువు ఇచ్చిన సంగతి తెలియని తల్లికీ పనికిరాదు. పైగా ఒక చేత్తో ఈ ముప్ఫై రోజులిచ్చి, 223వ సెక్షనులో ఫిర్యాదును విచారణకు తీసుకునే ముందే ముద్దాయికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కొత్తగా చేర్చారు. సమన్లు కూడా పుట్టకముందే ఇంట్లో ఉన్న మొగుడికి కబురందుతుంది. ఆ తరవాత ఆమె వాయిదాకు ఎందుకు రాలేదో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇక గడువు ముగిశాక పొరపాటు జరిగిందని తెలిస్తే సరిదిద్దే దారి ఈ సంహితలోనూ లేదు.

అందుకే ఈ డిమాండ్లు. సాక్ష్యం వినకుండా, ఫిర్యాది రాలేదన్న ఒక్క కారణంతో మూసిన కేసును నిర్దోషిత్వ తీర్పుగా లెక్కించడం మానాలి. అట్లా మూసిన కేసును, మూసిన కోర్టే, సరైన కారణం చూపితే, ముద్దాయికి నోటీసు ఇచ్చి, కారణాలు రాసి, ఒకే ఒక్కసారి తెరిచేందుకు సంహితలో స్పష్టమైన సెక్షను ఉండాలి. తప్పించుకు తిరిగిన భర్తకు మూడు నెలలు ఇవ్వగలిగిన చట్టం ఫిర్యాదికి అంతకంటే తక్కువ ఇవ్వకూడదు. కేసు మూసిన ఉత్తర్వు నకలు ఆమె ఇంటికి తెలుగులో, ఉచితంగా పోవాలి, అందులో ఏ గడువులోపల ఎక్కడికి పోవాలో రాసి ఉండాలి. దెబ్బలు తిన్న ఒంటి గురించిన ఫిర్యాదులకూ, పరువు పోయిందన్న బలవంతుల ఫిర్యాదులకూ తేడా పాటించాలి.

చివరగా మనవాళ్ళకే ఒక మాట. స్త్రీల మీద హింస గురించి రాసేటప్పుడు మనం పెద్ద తీర్పులనే చదువుతాం. మథుర, రమీజాబీ, వాకపల్లి. చదవాల్సిందే. కానీ ఎక్కువమంది ఆడవాళ్ళ కేసులు పేరున్న తీర్పుల్లో ముగియవు. రెండు లైన్ల డాకెట్ ఉత్తర్వులో ముగుస్తాయి: ఫిర్యాదిని పిలిచాము, లేదు, కేసు మూసివేయడమైనది. మన భాషలో ఇంతకంటే పొట్టి కథ లేదు. దాన్ని ఎవరూ అచ్చు వేయలేదు, ఎవరూ సమీక్షించలేదు. యూనివర్సిటీల్లో పరిశోధన చేయిస్తున్న స్నేహితులారా, మీ జిల్లాలోని ఒక మేజిస్ట్రేటు కోర్టులో ఒక్క ఏడాది ఉత్తర్వులు తీసి చదివించండి. ఎంతమంది ఆడవాళ్ళు పిలుపుకు పలకలేదో లెక్క రాయండి, ఎందుకు పలకలేదో వాళ్ళ ఇళ్ళకు పోయి అడగండి. ఆ జవాబులు చేతిలో ఉన్నప్పుడు, ఆ రోజు కోర్టుకు రానిది ఆమె ఒక్కతేనా అని చట్టాన్ని నిలదీసే హక్కు మనకుంటుంది.